బ్రేకు లైటు స్విచ్ పాడైందా? కొత్తది కొనే ముందు ఇలా పరీక్షించండి

రెండేళ్ల కిందట సంక్రాంతికి మా బావగారు హైదరాబాద్ నుంచి సూర్యాపేటకు కారులో వచ్చారు. రాత్రి తొమ్మిదింటికి ఇంటి ముందు నిలిపిన కారు తెల్లవారేసరికి స్టార్ట్ కాలేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. దగ్గరలోని ఒక దుకాణంలో చూపిస్తే బ్యాటరీకి కాలం చెల్లిందని చెప్పి కొత్తది వేశారు. మర్నాడు ఉదయానికి ఆ కొత్త బ్యాటరీ కూడా అదే స్థితిలో ఉంది. కారు వెనక భాగం ప్రహరీ గోడకు ఆనుకుని ఉండటంతో రాత్రంతా ఏం జరుగుతోందో ఎవరి కంటా పడలేదు.

నేను డ్రైవర్ వైపు తలుపు తీసి మ్యాట్ మీద చూశాను. చింతగింజల పొట్టు రాలినట్టు ఐదారు నల్లటి పెళుసు ముక్కలు కనిపించాయి. వేలితో నొక్కితే పొడిపొడి అయ్యాయి. వేరే బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి, "బావగారూ, ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి" అన్నాను. "బ్రేకు లైట్లు వెలుగుతున్నాయి, నువ్వు కాలు తియ్యి" అన్నారాయన. నేను కారులో కూర్చోనే లేదు, బయట నిలబడి ఉన్నాను.

ఆ నల్లటి ముక్కలు ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్లవి. అది విరిగినందుకు ఒక బ్యాటరీ ఖరీదు వృథా అయింది. బ్రేకు లైట్ల విషయంలో తరచూ జరిగేది ఇదే. బాగున్న స్విచ్‌ను మారుస్తారు, లేకపోతే స్విచ్ చెడితే బల్బులు మారుస్తారు. బ్యాటరీ నుంచి బల్బుకు వెళ్లే కరెంటు దారిలో స్విచ్ నట్టనడుమ ఉంటుంది. అక్కడ రెండు చోట్ల పరీక్షిస్తే లోపం స్విచ్‌కు ముందుందా, స్విచ్‌లోనే ఉందా, తరవాత ఉందా అన్నది పావుగంటలో తేలుతుంది. ఆ పరీక్ష ఎలా చేయాలో వివరంగా రాస్తున్నాను. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే చిన్న కార్లను, అంటే పెడల్ దగ్గర ప్లంజర్ స్విచ్ ఉండే 12 వోల్టుల కార్లను దృష్టిలో పెట్టుకున్నాను.

ముందు స్విచ్ పనితీరు

బ్రేకు పెడల్ పైభాగంలో, డ్యాష్‌బోర్డు కింద, పెడల్‌ను పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్‌కు ఈ స్విచ్ బిగించి ఉంటుంది. దాని ముందు భాగంలో బాల్‌పాయింట్ పెన్ను మీటలాంటి చిన్న ప్లంజర్ ఉంటుంది. మీరు పెడల్ వదిలేసి ఉన్నప్పుడు పెడల్ చెయ్యి వచ్చి ఈ ప్లంజర్‌ను లోపలికి నొక్కి ఉంచుతుంది. అప్పుడు స్విచ్ ఆఫ్. మీరు బ్రేకు తొక్కగానే పెడల్ దూరం జరుగుతుంది, ప్లంజర్ బయటికి వస్తుంది, స్విచ్ ఆన్ అవుతుంది. అంటే ప్లంజర్ లోపల ఉంటే లైటు ఆరుతుంది, బయట ఉంటే వెలుగుతుంది. కాలింగ్ బెల్లుకు ఇది పూర్తిగా తిరగబడిన పద్ధతి. ఈ ఒక్క విషయం మనసులో నిలవకపోతే పరీక్షలన్నీ తలకిందులవుతాయి. మంచి స్విచ్‌ను చేతిలో పట్టుకుని "నొక్కినా పనిచేయడం లేదు" అని పక్కన పడేసినవారిని నేను చూశాను.

ప్లంజర్‌కు పెడల్ ఇనుము నేరుగా తగలదు. పెడల్ చేతిలో ఒక రంధ్రం ఉంటుంది, దానిలో రబ్బరు లేదా ప్లాస్టిక్ బిళ్ల ఇరికించి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని స్టాపర్ అంటారు. ఏళ్ల తరబడి ఎండలో నిలిపిన కారు లోపలి వేడికి అది పెళుసెక్కి రాలిపోతుంది. అప్పుడు ప్లంజర్ ఆ రంధ్రంలోంచి అవతలికి దూరిపోతుంది. పెడల్ వదిలేసినా స్విచ్‌కు మాత్రం బ్రేకు తొక్కినట్టే ఉంటుంది.

పాత జీపుల్లో స్విచ్ పెడల్ దగ్గర కాకుండా మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని బ్రేకు ఆయిల్‌కు అందించే భాగం) దగ్గర, బ్రేకు ఆయిల్ పీడనంతో పనిచేసేది ఉండేది. అలాంటి బండి మీదైతే కింద చెప్పిన కరెంటు పరీక్షలు పనికొస్తాయి కానీ పెడల్ సర్దుబాటు సంగతులు వర్తించవు.

లక్షణాలు ఏం చెబుతాయి

లైట్లు అసలు వెలగకపోవడం, ఎప్పుడూ వెలుగుతూనే ఉండటం, ఒక్కోసారి వెలిగి ఒక్కోసారి వెలగకపోవడం అందరికీ తెలిసినవే. ఇవి కాక బ్రేకు లైట్లతో సంబంధం లేనట్టు కనిపించే లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఆటోమేటిక్ కారులో గేరు లివర్ 'పి' (పార్కింగ్) స్థానం నుంచి కదలకపోవడం, బటన్ నొక్కితే ఇంజన్ స్టార్ట్ కాకపోవడం, క్రూయిజ్ కంట్రోల్ (వేగాన్ని తానే నిలకడగా ఉంచే ఏర్పాటు) పనిచేయకపోవడం, ఇంజన్ లేదా ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) హెచ్చరిక దీపం వెలగడం లాంటివి. చాలా ఏఎంటీ కార్లలో (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారేవి) కూడా బ్రేకు తొక్కినట్టు కారు కంప్యూటర్‌కు తెలిస్తే తప్ప ఇంజన్ స్టార్ట్ కాదు. వీటన్నిటికీ కబురు వెళ్లేది ఈ చిన్న స్విచ్ నుంచే. గేరు లివర్ బిగుసుకుపోయి దారిలో చిక్కుకుంటే, చాలా ఆటోమేటిక్ కార్లలో లివర్ పక్కన ఒక చిన్న మూత కింద తాళాన్ని విడిపించే ఏర్పాటు ఉంటుంది. అది ఎక్కడుందో కారుతో వచ్చిన పుస్తకంలో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

లైట్లు వెలగకపోవడం అన్నిటికన్నా ప్రమాదకరం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు 22 మీటర్లు ముందుకు పోతుంది. విజయవాడ రహదారి మీద రాత్రి మీ వెనక వస్తున్న లారీ డ్రైవరుకు మీరు వేగం తగ్గించారని తెలిసేది ఆ ఎర్ర లైటు వల్లే. ఒక్క సెకను ఆలస్యంగా తెలిసిందంటే 22 మీటర్ల దూరం పోయినట్టే. కేంద్ర మోటారు వాహన నిబంధనలు (1989) కూడా స్టాప్ లైటును తప్పనిసరి చేశాయి. అందుకే ఈ లోపం బయటపడ్డాక దాన్ని సరిచేసేవరకు కారును హైవే మీదికి తీయవద్దని నా గట్టి మాట.

పనికి కావలసినవి

ఒక టెస్ట్ ల్యాంప్, ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు, 10 ఆంపియర్ల ఫ్యూజు మధ్యలో అమర్చిన అడుగు పొడవు వైరు ముక్క, తలకు కట్టుకునే లైటు చాలు. టెస్ట్ ల్యాంప్ అంటే స్క్రూడ్రైవర్ ఆకారంలో లోపల బల్బు ఉండి, క్లిప్పును కారు బాడీ ఇనుముకు తగిలించేది. మీటరు ఉన్నా ఇది కూడా ఉండాలి. ఎందుకో లోడు పరీక్ష దగ్గర తెలుస్తుంది.

కారును సమతలంగా ఉన్న చోట నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. డ్యాష్‌బోర్డు కింద పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగు వైర్లు కనిపిస్తే వాటిని ముట్టుకోవద్దు. అవి ఎయిర్‌బ్యాగువి.

మొదటి అడుగు: ఏ లైటు వెలగడం లేదు?

ఒకరిని పెడల్ తొక్కమని మీరు వెనక నిలబడండి. ఒంటరిగా ఉంటే చీకటి పడ్డాక కారు వెనక భాగాన్ని గోడకు దగ్గరగా నిలిపి అద్దంలో ఎర్రటి వెలుగు కోసం చూడండి, లేదా ఫోనును వెనక పెట్టి వీడియో తీయండి. ఎడమ, కుడి, వెనక అద్దం దగ్గర పైన ఉండే మూడోది, ఈ మూడింటినీ విడివిడిగా గమనించాలి.

మూడింటిలో ఏ ఒక్కటి సరిగా వెలిగినా స్విచ్, ఫ్యూజు రెండూ బాగున్నట్టే. లోపం వెలగని లైటు బల్బులోనో, హోల్డరులోనో, దాని ఎర్త్‌లోనో (కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) ఉంది. ఇక పెడల్ దగ్గర తల దూర్చాల్సిన పని లేదు. మూడూ వెలగకపోతేనే ఫ్యూజు, స్విచ్, ఉమ్మడి వైరు వైపు వెళ్లాలి. అయితే మూడో లైటు లేని పాత కార్లలో ఒక బల్బు ఎప్పుడో పోయి, రెండోది ఇవాళ పోయి ఉండవచ్చు. బల్బు విప్పి లోపలి తీగ తెగిందేమో చూడటం నిమిషం పని. చాలా కార్లలో వాడేది పి21/5డబ్ల్యూ అనే రెండు తీగల బల్బు. 21 వాట్ల తీగ బ్రేకుకు, 5 వాట్ల తీగ పార్కింగ్ లైటుకు. పార్కింగ్ లైటు వెలుగుతోంది కాబట్టి బల్బు బాగుందని అనుకోవద్దు. ఆ రెండు తీగలూ వేరు.

రెండో అడుగు: ఫ్యూజు

ఫ్యూజు పెట్టె మూత మీద 'స్టాప్' అని రాసి ఉన్నది వెతకండి. సాధారణంగా 10 ఆంపియర్ల ఎర్రది గానీ 15 ఆంపియర్ల నీలంది గానీ ఉంటుంది. కొన్ని కార్లలో హారన్‌కూ బ్రేకు లైట్లకూ కలిపి ఒకటే ఫ్యూజు. హారన్ కూడా మోగకపోతే అక్కడే అనుమానించాలి. ఫ్యూజును పీకకుండానే దాని తల మీద కనిపించే రెండు చిన్న లోహపు చుక్కలకు టెస్ట్ ల్యాంప్ మొన తాకించండి. రెండు చోట్లా వెలిగితే ఫ్యూజు బాగుంది. ఒకవైపే వెలిగితే పోయింది. రెండు వైపులా వెలగకపోతే తాళం తిప్పి మళ్లీ చూడండి, కొన్ని కార్లలో ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటేనే ఈ దారికి కరెంటు వస్తుంది.

పోయిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్లది వేసి, అది ఎప్పుడు పోతుందో గమనించండి. పెట్టగానే, పెడల్ తొక్కకముందే పోతే ఫ్యూజుకూ స్విచ్‌కూ మధ్య వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. పెడల్ తొక్కిన క్షణంలో పోతే షార్ట్ స్విచ్ తరవాత, వెనక వైపు ఉంది. డిక్కీ తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలోంచి వెళ్లే వైర్లు, తరవాత బిగించిన రివర్స్ కెమెరా, అలారం అతుకులు మొదట చూడవలసిన చోట్లు. ఫ్యూజు పదేపదే పోతోందని 20, 30 ఆంపియర్లది వేయవద్దు. అప్పుడు ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

మూడో అడుగు: పెడల్ కింద చూపు

సీటును పూర్తిగా వెనక్కి జరిపి, వెల్లకిలా పడుకుని లైటు వేసి చూడండి. ఇబ్బందిగానే ఉంటుంది, మెడ నొప్పి పుడుతుంది. కానీ సగం లోపాలు ఇక్కడ కంటికే దొరుకుతాయి. మ్యాట్ మీద ప్లాస్టిక్ ముక్కలున్నాయా? పెడల్ చేతిలో రంధ్రం ఖాళీగా ఉందా? కనెక్టర్ సగం ఊడిందా? స్విచ్ తన గాడిలోంచి జారి వేలాడుతోందా? పెడల్‌ను చేత్తో నెమ్మదిగా తొక్కి వదులుతూ ప్లంజర్ కదలిక చూడండి. అది పూర్తిగా లోపలికి పోవాలి, పూర్తిగా బయటికి రావాలి, మధ్యలో ఆగకూడదు.

నాలుగో అడుగు: స్విచ్ దగ్గర కరెంటు

ఈ పనిలో అసలైన అడుగు ఇది. నిదానంగా చేయండి. ముందుగా రెండు పిన్నుల స్విచ్ సంగతి. కనెక్టర్‌ను స్విచ్‌కు తగిలించి ఉంచే, వెనక వైపు వైరు పక్కగా సన్నని గుండుసూదిని లోపలికి జొనిపి టెస్ట్ ల్యాంప్ మొనను దానికి తాకించండి. సూది పక్క ఇనుముకు తగలకుండా జాగ్రత్త. వైరు మీది తొడుగును గుచ్చవద్దు, ఆ రంధ్రంలో తేమ చేరి రెండేళ్లకు ఇంకో లోపం పుడుతుంది.

పెడల్ వదిలేసి ఉండగా ఒక పిన్ను దగ్గర లైటు వెలగాలి. అది కరెంటు వచ్చే దారి. రెండు పిన్నుల దగ్గరా వెలగకపోతే లోపం ఫ్యూజుకూ స్విచ్‌కూ మధ్య ఉంది, స్విచ్‌ను అనుమానించనక్కరలేదు. ఒకవైపు వెలిగితే, పెడల్ తొక్కి రెండో పిన్ను చూడండి. ఇప్పుడు అక్కడ కూడా వెలగాలి. వెలిగితే స్విచ్ తన పని చేస్తున్నట్టే, లోపం వెనకకు వెళ్లే దారిలో ఉంది. వెలగకపోతే స్విచ్ దాటి కరెంటు వెళ్లడం లేదు.

అయినా వెంటనే స్విచ్ కొనవద్దు. కనెక్టర్ విప్పి, ఫ్యూజు అమర్చిన ఆ వైరు ముక్కతో కనెక్టర్ రెండు గుంటలను కలపండి. వెనక లైట్లు వెలిగాయంటే వైర్లు, బల్బులు, ఎర్త్ అన్నీ బాగున్నాయి, చెడింది స్విచ్చే. ఇక సందేహం లేదు. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. నాలుగు పిన్నుల స్విచ్‌లకు, బ్రేకు లైట్లను కంప్యూటరే వెలిగించే కొత్త కార్లకు వైరింగ్ చిత్రం చూడకుండా ఇలా కలపవద్దు. అక్కడ ఒక తీగలో ఎర్త్, ఇంకో తీగలో కంప్యూటర్ సంకేతం ఉండవచ్చు.

నాలుగు పిన్నులవాటిలో రెండు స్విచ్‌లు ఒకే పెట్టెలో ఉంటాయి. చాలావరకు పెడల్ తొక్కితే ఒక జత కలుస్తుంది, రెండో జత విడిపోతుంది. రెండింటి సాక్ష్యం సరిపోలుతోందా అని కంప్యూటర్ చూస్తుంది. లైట్లు బాగా వెలుగుతున్నా క్రూయిజ్ పనిచేయడం లేదంటే రెండో జత చెడి ఉండవచ్చు. స్విచ్ విప్పి మీటరును బీప్ శబ్దం వచ్చే స్థానంలో పెట్టండి. ప్లంజర్ లోపల ఉన్నప్పుడు ఒక జత, బయట ఉన్నప్పుడు రెండో జత మోగాలి. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను చదివే పరికరం) ఉంటే పి0571 బ్రేకు స్విచ్ దారిలో లోపాన్ని, పి0504 ఈ రెండు జతల మాట కలవడం లేదన్న సంగతిని చెబుతాయి. పి0504 కనిపిస్తే, స్విచ్ మార్చే ముందు స్టాపర్‌నూ సర్దుబాటునూ చూడండి. స్విచ్ కాస్త పక్కకు జరిగినా ఇదే కోడ్ వస్తుంది. కొన్ని కార్లలో ప్లంజర్ బదులు అయస్కాంతంతో పనిచేసే ఎలక్ట్రానిక్ సెన్సార్ ఉంటుంది. దాన్ని బీప్‌తో పరీక్షించకూడదు, స్కానర్‌లోనే చూడాలి.

లోడు పరీక్ష: మీటరు చెప్పని నిజం

ఒక్కోసారి లైట్లు వెలుగుతాయి కానీ మసకగా, ఒక్కోసారి మినుకుమినుకుమంటాయి. మీటరు పెడితే స్విచ్ తరవాత 12 వోల్టులు కనిపిస్తాయి. బల్బులు విప్పి ఉండగా కొలిస్తే ఇలా మోసపోతాం. మీటరు లాగే కరెంటు దాదాపు శూన్యం, కాలి నల్లబడ్డ కాంటాక్టు కూడా అంతమాత్రం కరెంటును పోనిస్తుంది. రెండు 21 వాట్ల బల్బులు కలిసి 3.5 ఆంపియర్లు లాగినప్పుడే అది తడబడుతుంది. టెస్ట్ ల్యాంప్ తానే కొంత కరెంటు లాగుతుంది కాబట్టి దాని సాక్ష్యం నమ్మదగింది.

మీటరుతోనే చేయాలంటే ఇలా చేయండి. బల్బులన్నీ తగిలించి, పెడల్ తొక్కి ఉంచి, మీటరు రెండు మొనలను స్విచ్ రెండు పిన్నులకు తగిలించి వోల్టులు చూడండి. 0.2 వోల్టులు లేదా అంతకన్నా తక్కువ ఉంటే మంచిది. అర వోల్టు దాటితే లోపలి కాంటాక్టులు కాలాయి, స్విచ్ మార్చాల్సిందే. ఇంకా పూర్తిగా చచ్చిపోలేదు కదా అని వాయిదా వేయవద్దు. పెడల్‌ను పాతికసార్లు నెమ్మదిగా తొక్కి వదులుతూ అంకె నిలకడగా ఉందో లేదో కూడా చూడండి. వచ్చిపోయే లోపం ఇలాగే చిక్కుతుంది.

స్విచ్ బాగుంటే వెనక వైపు

బల్బు హోల్డరు విప్పి లోపల చూడండి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంత ఊళ్లలో ఇత్తడి కాంటాక్టులకు ఆకుపచ్చ చిలుము పడుతుంది. వేడికి ప్లాస్టిక్ కరిగి కాంటాక్టు లోపలికి కుంగి ఉండవచ్చు. బ్రేకు తొక్కినప్పుడు పార్కింగ్ లైటు కూడా వెలిగినా, ఇండికేటర్ మసకగా మెరిసినా ఎర్త్ వదులైందని అర్థం. కరెంటు తిరిగి వెళ్లే దారి దొరక్క పక్క తీగలోంచి పోతోంది. ఎర్త్ స్క్రూ విప్పి, ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే చాలావరకు సరిపోతుంది.

లైట్లు ఆరకపోతే

మా బావగారి కారు సమస్య ఇదే. 3.5 ఆంపియర్లు లాగే లైట్లు 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీని సుమారు పది గంటల్లో ఖాళీ చేస్తాయి. రాత్రి తొమ్మిదికి పెట్టిన కారు ఉదయం ఏడుకు స్టార్ట్ కాకపోవడంలో వింత లేదు.

ముందు కాలివేలిని పెడల్ కింద పెట్టి పైకి లేపండి. లైట్లు ఆరితే స్విచ్ సర్దుబాటు తప్పింది, లేదా పెడల్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. ఆరకపోతే స్టాపర్ ఉందేమో చూసి, ప్లంజర్‌ను వేలితో లోపలికి నొక్కండి. ఆరాయంటే స్విచ్ మంచిదే, స్టాపర్ పోయింది. అప్పటికీ ఆరకపోతే కనెక్టర్ పీకేయండి. ఇప్పుడు ఆరితే స్విచ్ లోపల కాంటాక్టులు అతుక్కుపోయాయి. కనెక్టర్ పీకినా వెలుగుతూనే ఉంటే వేరే వైరు నుంచి కరెంటు దూరుతోంది, అది వైరింగ్ పని.

స్టాపర్ విరిగినప్పుడు ఊరు చేరేవరకు, ఆ రంధ్రంలో సరిపడే బోల్టును నున్నని తల ప్లంజర్ వైపు ఉండేలా పెట్టి అవతల నట్టు బిగించవచ్చు. బోల్టు ఊడి పెడల్ కిందికి పడితే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి గట్టిగా బిగించి, వీలైనంత త్వరగా అసలు బిళ్ల వేయండి.

కొత్త స్విచ్ బిగించడం

మరలున్న రకమైతే లాక్ నట్ వదులుచేసి పాతదాన్ని తిప్పి తీయాలి. కొత్తదాన్ని, ప్లంజర్ దాదాపు పూర్తిగా లోపలికి పోయి, స్విచ్ మరల కొసకూ స్టాపర్‌కూ మధ్య సుమారు ఒక మిల్లీమీటరు సందు మిగిలేలా బిగించి నట్ లాక్ చేయండి. కచ్చితమైన కొలత కారు కారుకూ మారుతుంది, సర్వీసు మాన్యువల్‌లో ఉన్నదే పాటించండి. తిప్పి లాక్ చేసే రకంలో కొన్ని ఒక్కసారి బిగించగానే సందును తామే కుదుర్చుకుంటాయి. వాటిని విప్పి మళ్లీ వాడకూడదు.

ఇక్కడ తప్పు చేస్తే లైట్ల కన్నా పెద్ద ప్రమాదం ఉంది. స్విచ్‌ను మరీ ముందుకు బిగిస్తే అది పెడల్‌ను కొంచెం కిందికి తోస్తుంది. కంటికి తెలియదు, కానీ బ్రేకులు నిరంతరం కొద్దిగా పట్టి ఉంటాయి. ప్యాడ్లు అరుగుతాయి, వేడికి బ్రేకు బలహీనపడుతుంది. బిగించాక పెడల్‌ను వేలితో నొక్కి చూడండి. బరువు తగలకముందు కొద్దిపాటి ఖాళీ కదలిక మునుపటిలాగే ఉండాలి. కాలివేళ్ల బరువుకే, బ్రేకు పట్టకముందే లైట్లు వెలగాలి, వదలగానే ఆరాలి. ఆ తరవాత ఖాళీ రోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లు బ్రేకు తక్కువగా వాడుతూ నడిపి, దిగి ముందు చక్రాల దగ్గర అరచేయి పెట్టండి, తాకవద్దు. సెగ కొడితే స్విచ్‌ను కొద్దిగా వెనక్కి తీయాలి.

బావగారి కారుకు ఆ రోజు సాయంత్రం కొత్త స్టాపర్ దొరికింది. వేలితో నొక్కితే రంధ్రంలో టక్కున కూర్చుంది. స్విచ్ పాతదే ఉంచాం. ఆ రాత్రి పడుకునే ముందు ఆయన రెండుసార్లు బయటికి వెళ్లి, ప్రహరీ గోడ మీద ఎర్ర వెలుగు పడుతోందేమో వంగి చూసి వచ్చారు. గోడ చీకటిగానే ఉంది.